లోపం తీరాక

చేతిలోంచి పళ్ళెం జారిపడటం ఆ వారంలో అది మూడోసారి. "పొగరెక్కువైతే వస్తువులిలాగే ఎగురుతాయి," అన్నారు అత్తగారు ముందుగదిలోంచి, గోడతో చెబుతున్నట్టు. పొగరు కాదు, వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. పళ్ళెం పట్టుకున్నానో లేదో కళ్ళతో చూసుకుంటే తప్ప తెలియడం లేదు. ఆ మాట చెబితే, "పని తప్పించుకోడానికి రోజుకో జబ్బు నీకు," అని మా ఆయన. కాళ్ళలో తిమ్మిర్లు, మెట్లెక్కితే ఆయాసం, స్టవ్ మీద ఏం పెట్టానో మరిచిపోవడం, చిన్నమాటకే ఏడుపో అరుపో. రెండేళ్ళు నన్ను నేనే అనుమానించుకున్నాను.

చివరికి ఒక్కదాన్నే ఆస్పత్రికి వెళ్ళాను. "రోజూ ఏం తింటారు?" అని అడిగింది డాక్టరమ్మ. ఆయనకేది ఇష్టమో, అత్తగారికేది పడదో, పిల్లలిద్దరూ ఏది వదిలేస్తారో గుక్కతిప్పుకోకుండా చెప్పాను. "వాళ్ళ సంగతి కాదండీ, మీ సంగతి," అంది. ఇంట్లో ఐదుగురం. పదేళ్ళుగా నేను ఉడకబెట్టేది నాలుగు గుడ్లు. నన్నెవరూ తినొద్దనలేదు. తిన్నావా అనీ అడగలేదు.

రక్తపరీక్షలో విటమిన్ బి12 అడుగంటిందని తేలింది, డి కూడా అంతంతమాత్రమే. మూడు నెలలు సూదులు, మాత్రలు.

రిపోర్టు చూసి ఆయన ముఖం వికసించింది. "హమ్మయ్య! నీ నోటికి మందు దొరికిందన్నమాట." ఆ రోజు నుంచి నేనేమన్నా ఒకటే జవాబు. తడి తువ్వాలు మంచం మీద వేయకండి అంటే, "మాత్ర వేసుకున్నావా?" పిల్లల ముందు నన్ను వెక్కిరించకండి అంటే, "మాత్ర వేసుకున్నావా?" పదమూడేళ్ళ నా కూతురికీ ఆ మాట పట్టుబడింది.

వేసుకున్నాను, ఒక్క పూటా మానలేదు. ఐదో గుడ్డూ ఉడికింది. వేళ్ళకి స్పర్శ తిరిగొచ్చింది, ఏడుపు తగ్గింది. కోపం మాత్రం తగ్గలేదు. ఇదివరకు మసకగా ఉండేది, ఇప్పుడు ఎవరి మీదో, ఎందుకో స్పష్టంగా కనిపిస్తోంది.

నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనతో అన్నాను, "నాకు ఉద్యోగం దొరికింది, సోమవారం నుంచి వెళుతున్నాను. పొద్దున వంట మీది, సాయంత్రం వంట నాది."

ఆయన అందరి వంకా చూసి, నవ్వుతూ, "మాత్ర వేసుకున్నావా?" అన్నారు. అత్తగారు కిసుక్కుమన్నారు.

కొత్త రిపోర్టు ఆయన పళ్ళెం పక్కన పెట్టాను. "కోర్సు అయిపోయింది. అన్నీ ఉండాల్సినంత ఉన్నాయి. చదువుకోండి."

ఆయన చదివారు. మళ్ళీ పైనుంచి చదివారు. నవ్వు ఆగింది.

"అలారం ఐదున్నరకి పెట్టుకోండి," అన్నాను.