రెండు గింజలు సిద్దమ్మకు

ఎర్రజెండా రెండు ముక్కలైనంక మా ఊర్లె గెలుపు ఎర్రోళ్ళ దిక్కు తొంగి చూసింది లేదు. అంతకుముందు మస్తుగ చూసిందని కాదు. కాకపోతే అప్పుడు ఓడితే ఆసామి మీద కోపమొచ్చేది, ఇప్పుడు పక్కింటోని మీద వస్తున్నది.

ఊరు ఇబ్రహీంపట్నం బస్‌స్టాండుల ఆటో ఎక్కితే చాయ్ చల్లారేలోపు చేరేంత దూరం. అది రెండువేల ఆరు. ఒక దిక్కు ఎయిర్‌పోర్టు కడుతున్నరు, ఇంకో దిక్కు రింగురోడ్డుకు కొలతలు పెడుతున్నరు. మహేశ్వరం దాకా చెలకల్ల జొన్నకు బదులు తెల్లరాళ్ళు మొలిచినయి. ఊరి గుట్ట కింద సర్కారు జాగల కూలోళ్ళ గుడిసెలున్నయి. జెండా ఒక్కటే ఉన్ననాడు పాతి వేయించిన గుడిసెలు. పట్టాలు ఇయ్యాల్టికీ రాలేదు. ఇప్పుడు వాటి ఎనక ప్లాట్ల వెంచర్ పడ్డది. వెంచర్‌కు రోడ్డు కావాలి, రోడ్డు గుడిసెల మీదికెళ్ళే పోవాలి, దానికి పంచాయతీ తీర్మానం కావాలి. సర్పంచికి నిలబడుతున్న సంజీవ ప్లాట్లు అమ్మించే మనిషి. దాపరికం లేనోడు. "గెలిచిన తెల్లారే తీర్మానం" అని హోటల్ల కూసొని చెప్పిండు.

రోడ్డు వస్తే మొట్టమొదట పోయేది కూలి చేసుకొని బతికే సిద్దమ్మ గుడిసె.

పోయినసారి కూడా సంజీవ దిక్కు మనిషే గెలిచిండు. ఊరి ఓట్లల్ల సగం కూడా రాలేదాయనకు. భిక్షంకు పడ్డయి, దయాకర్‌కు పడ్డయి కలిపితే ఆయన్ను దాటిపోతయి. కలిపేదెవరు? భిక్షం కూలిసంఘం పెద్ద, మూడుసార్లు నిలబడి మూడుసార్లు ఓడినోడు. దయాకర్ ఒకప్పుడు ఆయన ఎనక జెండా మోసిన పిలగాడే, పార్టీ లైను తప్పని తెగదెంపులు చేసుకొని ఇంకో ఎర్రజెండా పట్టిండు. ఇద్దరూ ఒకే హోటల్ల చాయ్ తాగుతరు, చెరో బల్ల మీద.

ఇద్దర్నీ ఒక్క బల్ల దగ్గర కూసోబెట్టింది అరుణ. ఇబ్రహీంపట్నం హైస్కూల్ల లెక్కల టీచరు, టీచర్ల సంఘం మనిషి. ఈసారి అందరి దిక్కు నుంచి ఒక్కర్నే నిలబెడదామని యూనియన్ ఆఫీసుకు పిలిచింది.

"చేతులెత్తుదాం. ఎక్కువెవరికొస్తే వాళ్ళే" అన్నడు భిక్షం.

"నీ కూలోళ్ళు ఎక్కువున్నరు, ఎత్తుతరు. ఎత్తినంక మేం లేచి పోతం. పోయినసారి గదే గదనే అయింది?" అన్నడు దయాకర్.

"లేచిపోవుడు నీకు అలవాటేగ."

"కూసునుడు నీకు అలవాటు. ఇరవై ఏండ్ల సంది ఒకటే కుర్చీ."

"అన్నా, జర ఆగుండ్రి" అన్నది అరుణ. "చేతులెత్తితే ఒక్కడు గెలుస్తడు, మిగిలినోళ్ళు ఓడుతరు, ఓడినోళ్ళు పోయి రెబెల్‌గ నిలబడుతరు. బయట సంజీవ దిక్కోళ్ళు గెలుస్తున్నది గిదే లెక్కతోని. సగం కన్న తక్కువొచ్చినోడు ఊరంత ఏలుతున్నడని మనమే ఒర్రుతం, మళ్ళ మన ఇంట్ల గదే లెక్క పెడుతం. మనకు నచ్చినోడు కాదన్నా కావాల్సింది, అందరం ఓర్చుకునేటోడు."

ఆమె చెప్పిన పద్ధతి సాదా. సంఘాలోళ్ళు ఒక్కొక్కరికి ఆరు చింతగింజలు. చీరె అడ్డం కట్టి లోపల ముంతలు పెడుతరు, ఒక్కో ముంత మీద ఒక్కొక్కరి ఫోటో. బాగ ఇష్టమైన మనిషికి మూడు, ఆ తర్వాత మనిషికి రెండు, ఆఖరు మనిషికి ఒకటి. ఎవరి ముంతల ఎక్కువుంటే వాళ్ళే అందరి మనిషి. చదువు రాకున్నా ఏయొచ్చు.

"మరి మూడో ముంత ఎవరిది?" అన్నడు దయాకర్.

గుడిసెల సంగతి ఏమాయెనో అడుగుదామని వచ్చిన సిద్దమ్మ అప్పటికి గడప దగ్గర గోడకు చేరగిలబడి కూసున్నది. పొద్దటి సంది కలుపు తీసొచ్చిన మనిషి, కండ్లు మూతలు పడుతున్నయి. భిక్షం ఆమె దిక్కు చూసిండు. దయాకర్ కూడ చూసిండు.

"గుడిసెల సంఘం నుంచి సిద్దమ్మను పెట్టుండ్రి" అన్నరు ఇద్దరూ ఒక్కపారే. ఎన్నేండ్లకో ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

"నాకెందుకు బాపూ గియన్ని?" అన్నది సిద్దమ్మ లేచి కూసొని.

"ఊకె పేరుకే. నువ్వు గెలిచేదున్నదా, సచ్చేదున్నదా" అన్నడు భిక్షం.

"గట్లనా" అన్నది. "అయితె పెట్టుకోండ్రి."

ఆ పొద్దుగూకి భిక్షం ఇంటికొస్తే, పెండ్లాం రుక్మాబాయి కంచం పెట్టి, "మళ్ళ నిలబడుతున్నవా?" అన్నది.

"గిదే ఆఖరు."

"పోయినసారి గూడ గిదే ఆఖరు అంటివి. గెలిచిననాడు చెప్పు, లేచి చూస్త" అని అటు మర్లి పండుకున్నది.

భిక్షంకు తిండి సయించలేదు. మోకాళ్ళు గుంజుతున్నయి. సర్పంచి కుర్చీ మీద ఆశ ఎప్పుడో పోయింది. ఒక్కసారన్న గెలిచి, ఆ తర్వాత ఇంట్ల పండుకోవాలె. గెలవకుండ పండుకుంటే నిద్ర రాదు, గదే ఆయన బాధ.

తెల్లారి సంఘం మనుషుల్ని పశువుల కొట్టంల కూడేసిండు. "మూడు గింజలు నాకు. రెండు సిద్దమ్మకు. ఒక్కటే దయాకర్‌కు. సమజైందా?"

నర్సమ్మ కొంగు సదురుకుంటా అడిగింది: "నీ తర్వాత నాకు దయాకరే నచ్చుతడు గదనే. మా చెల్లె కొడుకాయె. రెండు వానికేస్తే ఏం పోతది?"

"వానికి రెండేస్తే వాడు నన్ను దాటుతడు. సిద్దమ్మకేస్తే ఏమైతది? ఆమె ఎట్లైన గెలవది. సంఘం మాట అంటే మాటే."

"మాటేలే. గింజలు మాయి, మాట నీది" అన్నది నర్సమ్మ. కాని ఎదురు చెప్పలేదు. మా దగ్గర ఎర్రజెండా కింద పెరిగినోళ్ళకు గదొక గుణం: నచ్చకున్నా సంఘం చెప్పినట్టే ఏస్తరు. పోలీసు దెబ్బలకు ఇప్పని నోరు సంఘం మాటకు మూసుకుంటది.

అదే పొద్దున, ఊరికి ఆ చివర, దయాకర్ కూడా తనోళ్ళను కూడేసి అదే మాట చెప్పిండు. మూడు నాకు, రెండు సిద్దమ్మకు, ఒక్కటి ముసలోనికి. ఆయన మనుషులు గూడ తలలూపిండ్రు.

ఆదివారం బడిల ఏసిండ్రు. ఒకరి ఎనక ఒకరు చీరె చాటుకు పోవుడు, లోపల టకటక సప్పుడు, చేతులు దులుపుకుంట బయటికొచ్చుడు. భిక్షం, దయాకర్ చెరో కిటికి దగ్గర నిలబడి, వచ్చినోళ్ళ మొఖాలు చూసి తలకాయలూపిండ్రు. అందరూ చెప్పినట్టే ఏసిండ్రు. ఒక్కరు తప్పలేదు. గదే కొంప ముంచింది.

అరుణ మూడు ముంతలు గోనెసంచి మీద బోర్లిచ్చింది. లెక్కపెట్టే పని కూడ పడలేదు. సిద్దమ్మ కుప్ప పెద్దది: గుడిసెల సంఘపోళ్ళు కొద్దిమంది ఏసిన మూడేసి గింజల మీద, రెండు జెండాలోళ్ళ రెండేసి గింజలు పడ్డయి. భిక్షం కుప్ప, దయాకర్ కుప్ప ఒకదాని పక్కన ఒకటి అన్నదమ్ముల లెక్క ఇంచుమించు ఒకటే ఎత్తున ఉన్నయి.

నర్సమ్మే మొదలు నవ్వింది. కొంగు నోట్లె కుక్కుకొని నవ్వుతనే ఉన్నది.

"ఇది తప్పు లెక్క. మళ్ళ పెట్టాలె" అన్నడు దయాకర్.

"లెక్క తప్పులేదన్నా" అన్నది అరుణ. "మీ ఇద్దరి మనుషులకు మీ ఇద్దరూ నచ్చుతరు. ఉన్నదున్నట్టు ఏస్తే మీ ఇద్దర్ల ఒక్కరొచ్చేటోళ్ళు. ఒకర్నొకరు తొక్కుదామని చూసిండ్రు. ఇప్పుడు మళ్ళ పెడితే, మళ్ళ గిదే చేస్తరు."

"జనరల్ సీటుకు ఆడిమనిషా, అదీ సంతకం రాని మనిషి?" అన్నడు దయాకర్. అని, చుట్టూ ఆడోళ్ళున్న సంగతి యాదికొచ్చి దగ్గిండు.

భిక్షం బయటికొచ్చి బడి అరుగు మీద కూసున్నడు. నాలుగోసారి ఓడుడు ఇట్లుంటదని ఆయన అనుకోలేదు. బయటోడు ఓడిస్తే తిట్టుకోవచ్చు. ఇది తను చెప్పి చేయించుకున్న ఓటమి.

సిద్దమ్మ వచ్చి ఆయన పక్కన కూసున్నది. "నేనంటే ఎవరికీ పగ లేదు బాపూ, గంతే. మీ మనుషులు ఇష్టముండి ఏసిండ్రనుకుంటలేను. నాకు తెల్సు."

నామినేషన్ ఆమెతోని ఏయించిండ్రు. కాని అంతకుముందే భిక్షం ఒకటి ఏసి ఉన్నడు, దయాకర్ ఒకటి ఏసి ఉన్నడు. ముందు జాగర్త. వాపస్ తీసుకునే గడువు ఆఖరునాడు అరుణ ముగ్గుర్నీ ఇబ్రహీంపట్నం మండల ఆఫీసుకు తీసుకొచ్చి, బడికి టైమైందని పోయింది.

వాపస్ కాయితాలు ఇద్దరి జేబుల్లనూ ఉన్నయి. లోపలికి ఎవరూ పోతలేరు.

"ముందు నువ్వు తీస్కో" అన్నడు భిక్షం.

"నేను తీస్కుంట. తీస్కున్నంక నువ్వు ఆగిపోతే?"

"నేను గసుంటోన్నా?"

"నేను గసుంటోన్నని నువ్వు అనుకుంటలేవా?"

మధ్యాహ్నమైంది. ఆఫీసు రేకుల కింద ఎండ కాళ్ళ దాకా జరిగింది. సంజీవ మనుషులు ఇద్దరు రోడ్డు అవతల పాన్‌డబ్బా కాడ నిలబడి వీళ్ళనే చూసుకుంట నవ్వుతున్నరు.

సిద్దమ్మ లేచింది. "నేను లోపలికి పోతున్న. నా కాయితమే వాపస్ తీస్కుంట."

"అదేంది?" అన్నరు ఇద్దరూ.

"సంజీవ మొన్ననే కబురు పంపిండు. గుడిసె ఖాళీ చేస్తే కోహెడ దిక్కు ఒక రూము ఇప్పిస్తడంట. అబద్ధమే కావొచ్చు. కాని వాడు రెండు మాటల్ల తెగేటట్టు చెప్పిండు. మీరు పొద్దటి సంది ఒక్క గడప దాటుతలేరు. నాకు కూలి పోయింది. బాపూ, గుడిసె నిలబెడుతరని మీ దగ్గరికొచ్చిన. మీ ఇద్దరి నడుమ కూసునేటందుకు కాదు."

"నిజంగనే పోతవా?" అన్నడు భిక్షం.

"పోత. నాకు చేతనైతలేదు."

ఆ గొంతుల కోపం లేదు, బెదిరింపు లేదు. భిక్షం మనసు అక్కడ తెగింది. గోడ పట్టుకొని లేచి, మోకాలు సదురుకొని, దయాకర్ దిక్కు చూడకుండనే లోపలికి పోయిండు. కాయితం బల్ల మీద పెట్టిండు.

ఆఫీసరు చదివి, "ఎందుకు పెద్దాయనా, మంచిగ నిలబడ్డవుగ?" అన్నడు.

"నిలబడి నిలబడి కాళ్ళు పోయినయి సారూ."

సంతకం చేసి తిరిగి చూస్తే ఎనక దయాకర్ నిలబడి ఉన్నడు, కాయితం చేతుల పట్టుకొని. మంచితనంతో వచ్చిండా, భిక్షం ఒక్కడే త్యాగం చేసినోడైతడని వచ్చిండా, ఆయనకే తెల్వాలె. సంతకమైతే చేసిండు.

బయటికొచ్చి ముగ్గురూ ఆటో కోసం నిలబడ్డరు.

"రేపటి సంది ఓట్లకు తిరుగుడు పెట్టాలె" అన్నడు భిక్షం. "మా కూలోళ్ళ వాడకట్టు నుంచి మొదలు పెడదాం."

"ఎందుకు? మా దిక్కు నుంచి పెడితే ఏమైతది?"

"పెద్ద వాడకట్టు అని—"

"పెద్దదెట్లయింది?"

ఆటో వచ్చింది. సిద్దమ్మ ముందు ఎక్కి నడుమ కూసున్నది. ఇద్దరూ ఆమెకు అటొకరు ఇటొకరు ఎక్కిండ్రు. ఆటో కదిలినంక కూడా ఆమె తలకాయ మీది నుంచి మాట్లాడుకుంటనే ఉన్నరు, మొదలు ఏ వాడకట్టని. ఆమె కండ్లు మూసుకున్నది.