మార్కండేయ పేరు

హిమశ్రీ రెండు బ్యాండ్లు మారింది. మొదటిది కాలేజీ బ్యాండు. ఆడపిల్ల గిటార్ పట్టుకుని అరిస్తే బాగుండదని, వెనక నిలబడి కోరస్ పాడమన్నారు. రెండోది పెళ్లిళ్లకూ నవరాత్రి గర్బా ఆటలకూ వాయించేది. అక్కడ ఆమెకు ఊపిరాడలేదు. మూడోది స్నేహితుడు దినేశ్‌తో కలిసి తనే కట్టుకుంది. అది పంక్ రాక్ బ్యాండు. చిన్న పాట, పెద్ద చప్పుడు, దాచకుండా చెప్పే కోపం.

ఆమె తండ్రి లింగం సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి పాండేసరలోని ఒక రంగుల మిల్లులో కుదురుకున్నాడు. అదే మెషీను మీద అతనికి జతగాడు మార్కండేయ. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు మార్కండేయకు జ్వరం వచ్చింది. సెలవు అడిగితే, "పోతే మళ్లీ రాకు" అన్నాడు సూపర్‌వైజర్. జ్వరంతోనే పనికి వెళ్లి మెషీను పక్కనే కూలిపోయాడు. ఆసుపత్రుల్లో మంచం దొరక్క ప్రాణం పోయింది. అతను ఇంట్లో జబ్బుపడి పోయాడనీ, తమకు సంబంధం లేదనీ మిల్లువాళ్లు చెప్పారు. తర్వాతి షిఫ్టు యథాప్రకారం నడిచింది.

ఆ కోపంలో హిమశ్రీ పాట కట్టింది. అందులో మార్కండేయ పేరునే మళ్లీ మళ్లీ పిలుస్తుంది.

మరుసటి ఏడు, కరోనా యోధులకు వందనమంటూ వ్యాపారులు ఒక కచేరీ పెట్టి, హిమశ్రీ బ్యాండునూ పిలిచారు. ఆ మిల్లు యజమాని సేట్ కూడా దాతల్లో ఉన్నాడు.

"పేరు తీసేసి భాయ్ అని పెడదాం. ఒక్క మాటే కదా, హిమా" అన్నాడు దినేశ్.

"ఆ ఒక్క మాట కోసమే పాట కట్టాను."

ఇంటికి వెళ్లి తండ్రికి చెప్పింది. "పాడితే నీ నౌకరి పోతది నాయినా."

లింగం ఆమె వైపు తిరిగాడు. "నౌకరి నాది, బిడ్డా. పేరు వానిది. దాన్ని తీసెటందుకు నువ్వెవలు, నేనెవలు?"

కచేరీలో ఆమె ఆ పేరు రెండోసారి పిలవగానే మైకు ఆపేశారు. దినేశ్ డ్రమ్ముల మీద నుంచి చేతులు తీసేశాడు. మైకు లేకుండానే ఆమె పాట పూర్తి చేసింది. ముందు వరసలోని వాళ్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఆ నిర్లక్ష్యానికి ఆమె ఒళ్లు మండిపోయింది.

బ్యాండు ఆమెను వదిలేసింది. వారం తిరక్కుండా లింగాన్ని పనిలోంచి తీసేశారు. అతను సూరత్ పక్కనున్న పల్సానాలో వేరే మిల్లు చూసుకున్నాడు.

హిమశ్రీ నాలుగో బ్యాండు కట్టింది. ప్రణీత అనే నర్సింగ్ విద్యార్థిని డ్రమ్ములు వాయిస్తుంది. మొదటి కచేరీ పల్సానాలో, కార్మికులుండే గదుల మధ్య ఖాళీ జాగాలో పెట్టారు. మార్కండేయ పాట అయిపోయాక రాములు అనే నేతకార్మికుడు దగ్గరికొచ్చాడు.

"మా తమ్ముడు గిట్లనే పోయిండమ్మా. జ్వరమని చెప్పినా సాంచా మగ్గం ఆపనియ్యలే. వాని పేరు గూడ అంటవా జర?"

హిమశ్రీ గిటార్ పక్కన పెట్టి కింద కూర్చుంది.

"చెప్పు కాకా. పేరేంది?"