జానెడు పిలుపు

తెగిన టేపు కొసలు రెండూ ఎదురెదురు పెట్టి, గోరంత అతుకు వేసి, దశరథం బొటనవేలితో ఒక్కసారి నిమిరిండు. వేలు తీసినంక ఆ అతుకు ఎక్కడున్నదో వెలుగుకు పట్టి చూస్తెగాని తెలువదు. క్యాసెట్టు మూత బిగించి, రంధ్రంల పెన్సిలు దూర్చి గిరగిర తిప్పి, పక్కకు పెట్టిండు. ఇంకోటి అందుకున్నడు.

సిరిసిల్లల మానేరు వాగుకు పోయే తొవ్వలనే ఉన్నది ఆ పాటల లైబ్రరీ. ఉన్నవి రెండే గదులు. ఓంప్రకాశ్ సారు అని ఒక బడిపంతులు ఉండేటోడు. టేపురికార్డరు సంకల పెట్టుకొని వాడవాడ తిరిగి, బతుకమ్మ పాటలు, పెండ్లి పాటలు, నాట్ల పాటలు పట్టుకొచ్చి ఇక్కడ పేర్చిండు. సారు పోయి శానా ఏండ్లాయె. పాటలున్నయి, పాటలను చూసుకునే దశరథం ఉన్నడు.

దశరథం అంటే ఏమంత మనిషి? బక్కపలుచని ఒళ్లు, వంగిన మెడ, గుంటలు పడ్డ చెంపలు. చిన్నప్పటి నుంచి సాంచల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసినోడు. ఆ చప్పుడుకు ఎడమ చెవి మొద్దువారింది. నూలు దుమ్ము రొమ్ములకు దిగి, మెట్లెక్కితే ఈలేసినట్టు ఊపిరొచ్చేది. పనికిరాడని సాంచల ఆసామి బయటికి పంపితే ఓంప్రకాశ్ సారు పిలిచిండు. "పోగు అతికే చెయ్యి టేపు అతకదా దశరథం?" అన్నడు. అతికింది. ఎట్ల అతికిందంటే, "నీ చేతుల పడ్డ టేపు కడిగిన ముత్యం" అని సారు పదిమందిల చెప్పుకునేటోడు. ఆ ఒక్క మాట మీద బతుకంతా గడిచిపోయింది.

ఆ రోజు సద్దుల బతుకమ్మ, పండుగ ఆఖరి రోజు. వాడలన్ని తంగేడు పూలతోని పచ్చగున్నయి. లైబ్రరీ చూసుకునే మమతారాణి మేడం తాళంచెవి బల్ల మీద పెట్టి, "తాతా, పండుగ పూట కూడ ఏం పని? ఇంటికి పో" అన్నది.

"ఇంట్ల ఎవరున్నరు మేడం, నాకోసం సద్దుల బువ్వ కలిపేటందుకు?" అని నవ్విండు. నిజమే. భార్య రాజవ్వ పోయినంక ఆ ఇంట్ల పొయ్యే సరిగ్గ అంటలే.

మేడం అటు పోయింది, ఇటు జ్యోతిరాణి వచ్చింది. దశరథం వాడ ఆడామెనే, బీడీలు చేస్తది. నెత్తికి పెట్టుకున్న నూనె ఆరలేదు, కండ్లు మాత్రం ఎర్రగున్నయి. ఆమె తల్లి గంగుబాయి మొన్న ఎండకాలమే పోయింది. గంగుబాయి అంటే ఆ వాడకు బతుకమ్మే. ఆమె పాట ఎత్తుకుంటే చుట్టున్నోళ్లందరు ఉయ్యాలో అని అందుకునేటోళ్లు. ఆమె లేని తొలి పండుగ ఇది.

"కాకా, పొద్దుగూకితే వాగుకాడ బతుకమ్మను సాగనంపే పాట ఎత్తుకునేటోళ్లు లేరు. మా అవ్వ టేపు ఇయ్యి. మైకుల పెట్టి అందుకుంటం."

"అట్లనే బిడ్డా, కూసో. ఇంటవా జర?"

అటు ఇటు వెతుకుడేం లేదు, చెయ్యి చాపితే దొరికింది. గంగుబాయి గొంతు గదంతా నిండింది. ఒక్క తడబాటు లేదు. మొదటి చరణం నుంచి చివరి దాక నూనె పోసినట్టు సాగింది. అయిపోయినంక జ్యోతిరాణి మిషిను దగ్గరికి జరిగింది.

"ఇంకేం లేదా?"

"ఇంకేమున్నది? పాట మొత్తం ఉన్నది."

"మా అవ్వ నడుమ పాట ఆపింది కాకా. నన్ను పిలిచింది. నేను చిన్నగున్న, వాగుల దిగబోతుంటే తిట్టింది. అందరు నవ్విండ్రు. నాకు మంచిగ యాదికున్నది. మా అన్నలేమో నువ్వు కలగన్నవే పిచ్చిదానా అంటరు. అవ్వ గొంతుల నా పేరు ఒక్క ఫోన్ల లేదు, ఒక్క వీడియోల లేదు. గీ టేపుల ఉంటదని గింత ధైర్యంతోటి వచ్చిన. నిజంగనే కలనా కాకా?"

దశరథం చేతిల పెన్సిలు ఆగింది.

సాగనంపే పాట ఇంటి కప్పు కింద పాడొద్దని మనోళ్ల ఆచారం. ఇంట్ల పాడితే ఇంట్లోళ్లనే సాగనంపినట్టయితదని భయం. గంగుబాయి ససేమిరా అంటే ఓంప్రకాశ్ సారు వాగు ఒడ్డుకే మిషిను మోసుకపోయిండు. అందుకనే పాటల నీళ్ల చప్పుడొచ్చింది, పిల్లల అల్లరొచ్చింది, ఆ తిట్టూ వచ్చింది. తెల్లారి ఆ టేపు దశరథం చేతుల పడ్డది. నేసిన బట్టల నూలు ముడి పడి గడ్డ ఉంటే ఆసామి మొకం మీద కొడుతడు. నేతగాని కన్ను ముందుగాల గడ్డనే చూస్తది. పాటల నడుమ దగ్గు, పిలుపు, నవ్వు... అన్ని గడ్డలే అనుకున్నడు. ఆ క్యాసెట్టొకటే కాదు, లైబ్రరీల ఉన్న అన్ని క్యాసెట్లను అట్లనే ఏరి, కోసి, అతికిండు.

"కల కాదు బిడ్డా," అన్నడు. "పిలిచింది. నేనే కోసిన."

జ్యోతిరాణికి ముందుగాల అర్థం కాలే. అయినంక లేసి నిలబడ్డది. "మా అవ్వ తిట్టు నీకు గడ్డయిందా?"

"అప్పుడు గట్లనే అనుకున్న."

"కడిగిన ముత్యమట! ముత్యమెవలికి కావాలె కాకా? నా పేరేది?" కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గడప దాటబోయింది.

"ఆగు. నేతగాడు తెగిన పోగును పారేస్తడా ఏందే? పొద్దుగూకేలోపు రా."

బల్ల సొరుగుల నూలు చుట్టే ఒక కట్టె కండె ఉన్నది. సాంచల పని విడిచి వచ్చేటప్పుడు యాదికి తెచ్చుకున్నది. కోసిన ముక్కలన్ని కొసకు కొస అతికి, ఇన్నేండ్లు దాని మీదనే చుట్టిండు. ఏ ముక్క ఏ పాటదో చెప్పేటందుకు ఏ గుర్తూ లేదు. విప్పుకుంట, ఖాళీ క్యాసెట్లకు ఎక్కించుకుంట, కుడిచెవి మిషినుకు ఆనించి వినుడే. జానెడు టేపంటే ఒక పిలుపు. బెత్తెడంటే ఒక దగ్గు.

విన్నడు. ఎవరో ముసలామె "పాట మర్సిపోయిన, ఆపుండ్రి" అన్నది. ఇంకెవరో "నీ కోడలు నిన్ను బాగనే సాకుతుందా" అని అడిగితే "సాకుతది, కుక్కను సాకినట్టు" అన్నది. కోడి కూసింది. పసిపిల్ల ఏడిచింది. ఎన్నడో సచ్చిపోయిన వాడ వాడంతా లేసొచ్చి ఆ చీకటి గదిల ముచ్చట పెట్టింది. దశరథానికి బువ్వ యాదికి రాలే. రొమ్ముల మాత్రం ఎవరో మోకాలు పెట్టి ఒత్తుతున్నట్టున్నది. నీళ్లు తాగి మళ్ల కూసున్నడు.

నడుమ ఒక నవ్వు వినొచ్చింది. అందరు నవ్వి ఆపినంక, ఆలస్యంగ, ఒక్కతే నవ్విన నవ్వు.

రాజవ్వ.

ఆమె అంతే, ఏ ముచ్చటైనా అందరికంటె వెనుక అర్థమయ్యేది. ఇంట్ల మనిషి పొద్దుమాపు నవ్వుతుంటే టేపుల నవ్వు ఎందుకని ఆనాడు కోసిండు. తిరిగి ఒకసారి విన్నడు. ఇంకోసారి వినబోయి, కిటికీల ఎండ పసుపురంగుకు తిరుగుడు చూసి ఆగిండు. అది దేని మీద అతకాల్నో తర్వాత చూసుకోవచ్చు. జ్యోతిరాణిని రమ్మన్నడు. ఆ ముక్కను విడిగ కోసి, కండె ఖాళీ చివర చుట్టి, కొసకు ఉమ్మి తడి చేసి అంటించిండు.

గంగుబాయి పిలుపు శానాసేపటికి దొరికింది. పాటల తన అతుకు ఎక్కడున్నదో ఆయనకొక్కనికే ఎరుక. దాన్ని గోరుతోటి విప్పి, జానెడు పిలుపును నడుమ పెట్టిండు. జీవితంల మొదటిసారి అతుకు కొంచెం వంకరగ పడ్డది. సరిచేద్దామనుకున్నడు. వద్దని ఊకున్నడు.

జ్యోతిరాణి నెత్తిమీద బతుకమ్మతోనే వచ్చి, గడపకాడ నిలబడి చెయ్యి చాపింది.

"దొరికిందా?"

"వాగుకాడనే ఇను. కప్పు కింద మళ్ల వద్దు," అని క్యాసెట్టు ఆమె చేతిల పెట్టిండు.

ఆమె ఆయన మొకం చూసింది. "ఏంది కాకా, గిట్ల చెమటలు పడుతున్నయి? నువ్వు గూడ రారాదు?"

"నువ్వు నడువు. ఈడికి మంచిగ వినొస్తది."

బతుకమ్మల గుంపు వాగుకు పోయింది. కుర్చీ కిటికీకి జరుపుకొని, కుడిచెవి అటు పెట్టి కూసున్నడు. చప్పట్లు మొదలైనయి. మైకుల గంగుబాయి ఎత్తుకున్నది, వందల గొంతులు ఉయ్యాలో అని అందుకున్నయి. పాట సాగింది, సాగింది, ఒక్కపారి కుంటినట్టు తొట్రుపడ్డది. అదే అతుకు. తర్వాత వాగు దిక్కు నుంచి తేటగ వచ్చింది:

"ఓ జ్యోతీ! నీళ్లల్లకు పోకే దొంగముండా! ఒడ్డు మీదనే ఉండు బిడ్డా!"

ఆనాటి ఆడోళ్లు నవ్విండ్రు. ఈనాటి ఆడోళ్లు కూడ నవ్వినట్టున్నది. ఆ నవ్వుల ఒక ఏడుపు కూడ కలిసింది. అది ఎవరిదో దశరథానికి తెలుసు. పాట మళ్ల ఎత్తుకున్నది. బతుకమ్మలు నీళ్లల్లకు దిగినయి. రొమ్ము మీది మోకాలు మెల్లగ తీసినట్టయింది. తల కిటికీ ఊచకు ఆనింది.

సద్దులు పట్టుకొని జ్యోతిరాణి వచ్చేసరికి ఆయన అట్లనే కూసున్నడు, ఇంకా వింటున్నట్టు. ఆమె "కాకా" అన్నది. మళ్ల అన్నది. గిన్నె కింద పెట్టి, పరుగున పోయి మనుషులను పిలుచుకొచ్చింది.

అందరు వచ్చి ఆయనను ఎత్తుకపోయినంక, బల్ల మీద కండె మిగిలింది. ఉమ్మి తడి ఆరి దాని కొస విడిపోయింది, రాజవ్వ నవ్వు జానెడంత కిందికి జారి, వాగు గాలికి ఊగుకుంట ఉన్నది.