నల్లబండ మీద నిమ్మచెక్క

ఆదోనిలో కొత్తిల్లు కట్టేటప్పుడు వంటగట్టుకు గ్రానైటు వద్దు, నల్ల కడపబండే కావాలని వెంకటేశ్వరమ్మ పట్టుబట్టింది. మోకాళ్ల నొప్పులతో ఆమె కింద కూర్చోలేదు. నిలబడి ఆ బండ మీదే జొన్నరొట్టెలు తట్టుకోవాలని ఆమె ఆశ. కోడలు శివలీల సరేనంది గానీ, ఇంట్లోకి దిగిన రోజు నుంచి ఆ బండకు కాపలా కాయడమే పనిగా పెట్టుకుంది. "పులుపు తగిలితే బండ తెల్లగైపోతాది అత్తా" అని చెప్పిందే చెప్పేది. ఒకసారి చుట్టాల ముందే, అత్త పెట్టిన చింతపండు గిన్నెను విసురుగా తీసి సింకులో పడేసింది. పెద్దామె నవ్వి ఊరుకుంది. నవ్వక ఏం చేస్తుంది?

ఆమె ఆలూరులో కూతురింటికి పోయినప్పుడు, కోసిన నిమ్మచెక్కను గట్టు మీద బోర్లించి మరిచిపోయింది మాత్రం శివలీలే. పొద్దున తీసి చూస్తే గుండ్రంగా తెల్లమచ్చ. సబ్బుతో తోమింది, కొబ్బరినూనె రాసింది. నూనె ఆరగానే మచ్చ మళ్లీ బయటపడింది. మధ్యాహ్నానికి అత్త వచ్చేస్తుంది. ఆమెను ఎన్ని మాటలందో గుర్తొచ్చి శివలీలకు సిగ్గుతో చెవులు కాలాయి. ఆ సిగ్గుకు నిజం చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేక, భర్త బూట్లకు వేసుకునే నల్ల పాలిష్ తెచ్చి మచ్చకు పట్టించి, గుడ్డతో రుద్దింది. బండ నిగనిగలాడింది. వాసన తెలియకుండా ఊదుబత్తి వెలిగించి, మచ్చ మీద ఉల్లిగడ్డల బుట్ట పెట్టింది.

మిద్దె మీద ఆరేసిన బట్టలు తీసుకుని కిందికి దిగేసరికి అత్త వచ్చేసింది. వచ్చీ రాగానే వంటింట్లోకి పోయినట్టుంది. బుట్ట పక్కకు జరిగి ఉంది, బండ నిండా జొన్నపిండి, పెనం మీద ఇంకో రొట్టె. వెంకటేశ్వరమ్మ గోడవైపు తిరిగి గబగబా ఏదో తింటోంది. ఆమె చేతిలో సగం రొట్టె, దాని అడుగున నల్లటి పూత.

"తినొద్దత్తా, ఊసెయ్యి." శివలీల బట్టలు వదిలేసి ఆ రొట్టె లాక్కుంది.

"ఏం లేదు లీలా, రవ్వంత మాడింది. పారేసేదెందుకని..."

"మాడలేదు. అది బూటు పాలిషు. నిమ్మకాయ పెట్టి మచ్చ చేసింది నేనే. నీకు కనపడకూడదని పూసినా."

వెంకటేశ్వరమ్మ సింకులో ఉమ్మి, నోరు పుక్కిలించింది. కొంగుతో మూతి తుడుచుకుని బండను చూసింది. ఇప్పుడు తిడుతుంది, తిట్టాలి కూడా అనుకుంది శివలీల.

"అట్లనా," అని పెద్దామె ఊపిరి వదిలింది. "ఉడుకుపిండి తట్టి నేనే బండ రంగు పోగొట్టినా అనుకుంటి. నువ్వు చూస్తే మళ్ల ఏమంటావోనని శానా భయమేసింది. నువ్వు దిగేలోపల తినేస్తే ఏమీ తెలీదులే అనుకుంటి."

శివలీల తలెత్తలేకపోయింది. పెనం మీది రొట్టెను వెంకటేశ్వరమ్మే తిప్పింది.