మచ్చు గింజ

పెళ్ళినాటికి నా చేతిలో ఉన్నవి మూడే. నాన్న కొట్టు, నాన్న నేర్పిన గింజ చూపు, చిన్నప్పటినుంచీ నాతోపాటు పెరుగుతూ వచ్చిన ఒళ్ళు. మొదటిది మా ఆయన పేరు మీదికి మారింది. రెండోదాన్ని మా ఆయన వాడుకున్నారు. మూడోది ఒక్కటే ఎవరికీ అక్కర్లేక నా దగ్గర ఉండిపోయింది.

మాది గింజల టోకు కొట్టు. లారీ వచ్చి సంచులు దించితే, సరుకు ఎలాంటిదో చూడడానికి ముందు మచ్చు తీస్తాం. మచ్చు తీయడానికి ఒక ఇనుప గొట్టం ఉంటుంది, కొన వాడిగా, మధ్యలో బోలుగా. గోనె విప్పకుండానే దాన్ని సంచిలోకి గుచ్చితే గుప్పెడు గింజలు చేతిలోకి జారతాయి. నాన్న ఆ గొట్టం నా చేతికిచ్చిన రోజు చెప్పింది ఒక్కటే. మూతి దగ్గర గింజ చూడకు తల్లీ, అక్కడ ఎవడైనా మంచిదే పోస్తాడు, పొట్టలోకి గుచ్చు అన్నాడు. నేను గింజ కొరికి తేమ చెప్పగలను, వాసన చూసి ఏ గోదాములో ఎన్నాళ్ళు మగ్గిందో చెప్పగలను. నేను చెప్పిన ధరకి మా ఆయన బేరం ఆడతారు. బేరం కుదిరితే ఆయన తెలివి, బెడిసికొడితే నా నోరు.

మొదట్లో గల్లాపెట్టె పక్కన నాకూ ఒక కుర్చీ ఉండేది. ఒకరోజు కొట్టు నిండా మనుషులు ఉన్నప్పుడు మా ఆయన, "నువ్వు ఇక్కడ కూర్చుంటే సంచి ఏదో మనిషి ఏదో వచ్చినవాళ్ళకి తెలియట్లేదే" అన్నారు. అందరూ నవ్వారు. బేరం చెడకూడదని నేనూ నవ్వాను. మర్నాటికి నా కుర్చీ వెనక గోదాములోకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను.

ఇంట్లో అత్తయ్య, గోదాములో ఎలుకలకి దక్కాల్సింది కూడా ఈవిడే తింటున్నట్టుందని వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. పొద్దున్న నలుగురికీ వండి, కొట్టుకి వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి వడ్డించి, మళ్ళీ వెళ్ళి, రాత్రి అందరూ తిన్నాక పొయ్యి దగ్గరే నిలబడి గిన్నెల అడుగున మిగిలింది తినడమే నా భోజనం. ఎంత తిన్నానో నాకే తెలిసేది కాదు. పారేయడానికి చేతులు రావు, గింజ విలువ తెలిసినదాన్ని కదా. అలా ఇంటి మిగులంతా నా ఒంట్లో జమపడింది.

తర్వాత చక్కెర జబ్బు వచ్చింది. మోకాళ్ళు మెట్లు ఎక్కనివ్వలేదు. పొట్ట కుదించే ఆపరేషన్ ఒకటుంది, నీలాంటివాళ్ళకి పనికొస్తుంది అన్నాడు డాక్టరు. అన్నింటికీ బేరమాడే మా ఆయన దీనికి ఒక్క మాట ఆడలేదు. ఒక షరతు మాత్రం పెట్టారు. బయట ఎవరికీ తెలియకూడదు. వాకింగ్ చేసి తగ్గిందని చెప్పుకుందాం, ఆపరేషన్ అంటే పరువు పోతుంది అన్నారు. ఒంట్లో బాగాలేని పిన్నిని చూడడానికి వెళ్ళానని చుట్టాలకి చెప్పి, నేను ఆసుపత్రిలో చేరాను. నా పొట్టలోకీ గొట్టాలు గుచ్చారు. గోనె విప్పకుండానే పని కానిచ్చారు.

ఆసుపత్రి మూడో అంతస్తులో నెలకోసారి, ఆపరేషన్ అయినవాళ్ళూ చేయించుకోబోయేవాళ్ళూ కలిసి కూర్చునే ఏర్పాటు ఉంది. కౌన్సిలర్ అమ్మాయి నడిపేది. మంచి పిల్ల, అందరినీ అక్కా అనేది. అక్కడే నాకు కుట్టుమిషనక్క దొరికింది. అందరూ అలాగే పిలిచేవాళ్ళు. నాకంటే ముందే ఆపరేషన్ చేయించుకున్న దర్జీ మనిషి. నన్ను చూడగానే పేరు అడగలేదు. "జాకెట్టు చంకల దగ్గర రెండువేళ్ళు లోపలికి పట్టించుకో చెల్లీ, వచ్చే నెలకి మూడు పట్టాలి" అంది. మెడకి కొలత టేపు వేసుకునే వచ్చేది. నిలబడితే మాత్రం గోడ పట్టుకునేది. ఎందుకో ఆ రోజు అడగలేదు.

ఇంట్లో చెప్పుకోలేనివన్నీ ఆ గదిలో చెప్పుకునేవాళ్ళం. దువ్వెనకి చుట్టుకొస్తున్న జుట్టు, తీపి ఒక చెంచా తిన్నా పట్టే ముచ్చెమటలు, వేలాడుతున్న పొట్ట తోలు. ఒకామె, తనకిప్పుడు ఆకలి వేయట్లేదని, ఆ ఆకలి కోసం బెంగగా ఉందని చెప్పి ఏడ్చింది. మేమెవరమూ నవ్వలేదు. గింజ కొరికి తేమ చెప్పే నాకు, ఇప్పుడు నోట్లో పెట్టుకున్నదేదైనా మట్టిలా ఉంటోందని ఆ గదిలోనే మొదటిసారి పైకి అన్నాను.

ఇంటి లెక్క వేరుగా ఉండేది. ఆదివారం కొట్టు మూసిన తర్వాత మా ఆయన నన్ను సంచులు తూచే కాటా ఎక్కించేవారు. అంకె చూసి, కట్టుబట్టల బరువు కొంత తీసేసేవారు, సంచి బరువు తీసేసినట్టు. అత్తయ్య కుర్చీ వేసుకుని కూర్చునేది. జీవితమంతా సరుకులో తరుగు వస్తే తలపట్టుకున్న మా ఆయన, నా తరుగుకి మాత్రం చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత వాంతులు మొదలయ్యాయి. మంచినీళ్ళు కూడా నిలిచేవి కావు. ఆసుపత్రికి వెళ్దామంటే, "తగ్గుతున్నావుగా, ఇంకేం కావాలే?" అన్నారు ఆయన. మాటిమాటికీ ఆసుపత్రికి వెళ్తే వాకింగ్ అని ఎవరు నమ్ముతారట. అరగనిది పోతే మంచిదేనంది అత్తయ్య. కాటా మీద అంకె గబగబా పడిపోతోంది, ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. ఒక ఆదివారం కాటా ఎక్కితే కాళ్ళ కింద ఇనుప పలక చల్లగా తగలలేదు. అసలు తగలనే లేదు. నా కాళ్ళు ఎవరివో అయినట్టు కిందికి చూసుకున్నాను. పలక మీదే ఉన్నాయి.

మర్నాడు కుట్టుమిషనక్క ఏదో జాకెట్టు కొలత అడగడానికి ఫోన్ చేసింది. మాటల్లో వాంతుల సంగతి చెప్పాను. అవతల మిషను చప్పుడు ఆగింది. అక్క అడిగింది.

"కాళ్ళ కింద నేల తెలుస్తోందా చెల్లీ?"

"తెలియట్లేదక్కా."

"లే. ఆసుపత్రికి బయల్దేరు. ఎవరినీ అడగకు."

తనకి ఇలాగే అయినప్పుడు తను అడిగిందట. భర్తని అడిగితే అతను అన్నగారిని అడిగాడు, అన్నగారు వదినగారిని అడిగాడు, ఇంట్లో పెళ్ళి ఉంది, అయ్యాక చూద్దామని తేల్చారు. పెళ్ళి పనుల్లో ఇంటిల్లిపాది బట్టలూ తనే కుట్టింది. పెళ్ళయింది. తన కాళ్ళు తిరిగి రాలేదు. ఇప్పుడు మిషను తొక్కుతుంటే పెడలు మీద కాలు ఉందో జారిందో తెలియదు. ఒకసారి సూది వేలిలోకి దిగిపోయింది.

నేను చెప్పులు వేసుకుని బయటికి నడిచాను. కొట్టు ముందు నుంచి వెళ్తుంటే మా ఆయన ఎక్కడికి అన్నారు. వస్తానన్నాను. ఆటో ఎక్కి కొంత దూరం వెళ్ళాక డ్రైవరు అద్దంలో చూసి, "అమ్మా, మీ కాలికి ఒక చెప్పే ఉంది" అన్నాడు. రెండోది ఎక్కడ పడిపోయిందో నాకు తెలియదు. అప్పుడు వచ్చిన ఏడుపు ఆపరేషన్‌కి రాలేదు, కుర్చీ గోదాములోకి వెళ్ళిన రోజునా రాలేదు.

వాంతులతో ఒంట్లో బి విటమిన్ అడుగంటిపోయిందన్నారు. సూదిమందులు ఇచ్చారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే నడక పోయేదని డాక్టరు మా ఆయనతోనే చెప్పాడు. ఆయన తల ఊపి, బిల్లు అడిగారు. కాళ్ళు మెల్లిగా వచ్చాయి. వేళ్ళ కొసలు మాత్రం ఇప్పటికీ సగం నావి.

వాంతులు తగ్గాయి. చక్కెర మాత్రలు ఆగిపోయాయి. మోకాళ్ళు మెట్లు ఎక్కుతున్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా, ఇవన్నీ ఆ ఆపరేషన్ ఇచ్చినవే. నా కుర్చీ గోదాములోంచి మళ్ళీ గల్లాపెట్టె పక్కకి వచ్చింది. వచ్చినవాళ్ళతో మా ఆయన, రోజూ పొద్దున్నే నడుస్తుందండీ అని చెప్పేవారు. పడకగదిలో మాత్రం నా పొట్ట మీది వదులు తోలు రెండువేళ్ళతో పట్టుకుని, "సరుకు పోయింది, గోనె మిగిలింది" అన్నారు. ఈసారి బేరమేదీ లేదు. నేను నవ్వలేదు.

ఆ నెల మూడో అంతస్తుకి వెళ్తే కుట్టుమిషనక్క లేదు. అక్కడివాళ్ళం పెట్టుకున్న ఫోన్ గ్రూపులో కూడా లేదు. కౌన్సిలర్ అమ్మాయి నన్ను పక్కకి తీసుకెళ్ళి చెప్పింది. తన కాళ్ళ సంగతి విని కొత్తవాళ్ళు ఇద్దరు భయపడి ఆపరేషన్ మానుకున్నారట. అలా ఎవరికో ఒకరికి అవుతుంది అక్కా, ఆవిణ్ణి డాక్టరుగారు విడిగా చూస్తున్నారు అంది. వచ్చే నెల నన్ను మాట్లాడమంది. పాత ఫొటో ఒకటి తెమ్మంది.

ఇంటికొచ్చి చెబితే, మా ఆయనకి ఆ సంగతి ముందే తెలుసు. వచ్చే నెల కొత్తవాళ్ళలో నా తోడికోడలు ఉంది. మా మరిదికి మాత్రం ఆయన అసలు సంగతి చెప్పారట, నన్ను చూసే ఆ ఆలోచన పుట్టిందట. "అదసలే పిరికిది. లేనిపోనివి చెప్పి బెదరగొట్టకు. నిన్ను చూపించడానికే పిలుస్తున్నారు, నవ్వుతూ కూర్చుంటే చాలు" అన్నారు.

అంటే మచ్చు. మూతి దగ్గర పోసే గుప్పెడు. ఎన్నో ఏళ్ళుగా ఎదుటివాళ్ళ సంచుల్లో ఏ మోసం పట్టుకోవడానికి నన్ను కూర్చోబెట్టారో, ఆ మోసానికి ఇప్పుడు నన్నే గింజగా వాడుతున్నారు. నా తోడికోడలు ఎవరి ముందూ గొంతెత్తని మనిషి. టీ ఇస్తే కూడా నాకెందుకక్కా అంటుంది. దానికి చక్కెర ఉంది, రక్తపోటు ఉంది. ఈ ఆపరేషన్ దానికి మేలే చేయవచ్చు. చేయించుకోవద్దని చెప్పే హక్కు నాకు లేదు. సంచి పొట్టలో ఏముందో చూపించకుండా అమ్మే హక్కూ లేదు.

నేను మాట్లాడాల్సిన రోజు ముందు కుట్టుమిషనక్క ఇంటికి వెళ్ళాను. రానంది. నన్ను చూసి జడుసుకుంటారు, నేనేం దిష్టిబొమ్మనా అంది. నేను అడగడానికి రాలేదక్కా, తీసుకెళ్ళడానికి వచ్చానన్నాను. నా మాట విని, తన మాటే గుర్తొచ్చి, నవ్వి చేతికర్ర అందుకుంది.

మమ్మల్ని చూసి కౌన్సిలర్ అమ్మాయి మొహం పాలిపోయింది. నేను ఫొటో బయటికి తీయలేదు. లేచి నిలబడి, నేను గింజలు అమ్మేదాన్నని మొదలుపెట్టాను. నా మోకాళ్ళ సంగతి, చక్కెర సంగతి చెప్పాను. వాంతుల సంగతి, కాలినుంచి జారిపోయిన చెప్పు సంగతి చెప్పాను. వాకింగ్ అనేది అబద్ధమని కూడా చెప్పాను. చివర్న, "నేను సంచి మూతి దగ్గర గింజని. ఈ అక్క పొట్టలోది. సంచి ఒక్కటే. రెండూ చూసుకుని బేరం చేసుకోండి" అని కూర్చున్నాను.

 అక్క చెప్పులు విప్పి, కాళ్ళు చాపి, ఎదురుగా ఉన్న నా తోడికోడల్ని తాకి చూడమంది. అది వంగి అక్క పాదం మీద చెయ్యి వేసింది. అక్క కిటికీ వైపు చూస్తోంది. 

"తాకావా అమ్మా?" అంది అక్క.

"తాకానండీ. చాలాసేపైంది" అంది నా తోడికోడలు, చెయ్యి తీయకుండానే.

ఆ సాయంత్రం మా మరిది ఫోన్ చేశాడు. మా ఆయన, నా పరువు తీసుకెళ్ళి సంతలో పెట్టావన్నారు. మళ్ళీ గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టినందుకు బాగా బుద్ధి చెప్పావన్నారు. అత్తయ్య ఆ పూట అన్నం తినలేదు, నేను వండినా. ఆదివారం ఆయన అలవాటుగా కాటా వైపు చెయ్యి చూపించారు. నేను ఒక సంచి ఈడ్చుకొచ్చి దాని మీద పెట్టాను. అది సరుకు కోసమండీ అన్నాను.  ఆ తర్వాత నన్ను ఎవరూ తూచలేదు.

నా తోడికోడలు ఆపరేషన్ చేయించుకుంది. తనే నిర్ణయించుకుందట, భర్తకి తర్వాత చెప్పిందట. అంతా సవ్యంగానే ఉందనుకున్నాం. ఒక మధ్యాహ్నం కొట్టు రద్దీగా ఉండగా ఫోన్ చేసింది. పది రోజులుగా ఏదీ నిలవట్లేదంది. ఇవాళ పొద్దున్న ముగ్గు డబ్బా కాలి మీద పడితే చప్పుడు వినే తెలిసిందంది. ఆయన వచ్చాక అడిగి వెళ్తానంది.

"ఎవరినీ అడగకు" అన్నాను. "లే, చెప్పులేసుకో. వంగి చూసుకో, రెండు కాళ్ళకీ ఉన్నాయో లేదో. నేను ఆసుపత్రి గుమ్మం దగ్గర ఉంటాను."

మా ఆయన గల్లాపెట్టె మీదనుంచి తలెత్తి చూశారు. నేను మచ్చు గొట్టం ఆయన ముందు పెట్టి, చెప్పులేసుకుని బయల్దేరాను.

ఇప్పటి లెక్క ఇది. పోయినవి ఆకలి, జుట్టు, గింజ కొరికి రుచి చెప్పే నాలుక, కాలివేళ్ళ కొసలు. కుట్టుమిషనక్క కాళ్ళు ఆ లెక్కలోకి రావు. వాటిని ఎవరు పెట్టుకున్నారో, ఎవరు తిరిగిస్తారో నాకు తెలియదు. వచ్చింది ఒకే ఒక్క మాట. ఎవరినీ అడగకు. అక్క తన కాళ్ళు పోగొట్టుకుని దాన్ని సంపాదించింది, నాకు ఊరికే ఇచ్చింది. నేను మా తోడికోడలికి ఇచ్చాను. ఇచ్చాక నా దగ్గర చూసుకుంటే, అంతే ఉంది. ఇన్నేళ్ళ వ్యాపారంలో తరుగు లేని సరుకు చూడడం నాకు అదే మొదలు.