పిరానాకు నాలుగడుగుల ఇల్లు

మద్రాసు నుంచి వచ్చిన రైలు వరంగల్ స్టేషన్లో ఆగేసరికి విజయలక్ష్మి ఒళ్లో నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో రూపాయి బిళ్లంత చేప. ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఆమె ఎనిమిదేళ్లుగా పుస్తకంలో బొమ్మ చూపించి పాఠం చెబుతోంది. ఇప్పుడు ఆ పిరానా ప్రాణంతో చేతిలో ఉంది!

ఇంటికి రాగానే సంచిని బకెట్ నీళ్లలో కాసేపు తేలనిచ్చి, చేపను అందులోకి వదిలి, కొత్తవాడ మలుపులో ఉన్న మొగిలయ్య వెల్డింగ్ షెడ్డుకు పరుగెత్తింది.

"మొగిలన్నా, అద్దాల తొట్టి కావాలె. నాలుగడుగుల పొడుగు, అడుగున్నర ఎత్తు."

మొగిలయ్య బకెట్లో చేపను చూడ్డానికి వెంటనే వచ్చాడు. "గింత చేపకు గంత తొట్టా మేడం?"

"రేపు జానెడు అయితది."

"మరి మనుషులను తింటదంటగా?"

"అందుకే అద్దం మందంగ పెట్టు," అంది నవ్వుతూ.

మూడు రోజుల్లో ఇనుప ఫ్రేము తయారైంది. అద్దాలు బిగించి, పుట్టీ పెట్టి ఆరబెట్టి నీళ్లు నింపితే ఒక మూల నుంచి ధార కారింది. మొగిలయ్య ముఖం ఎర్రబడింది. "నా చేతి పని కారుడేంది!" అంటూ మొత్తం ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టాడు. రెండోసారి చుక్క కారలేదు. విజయలక్ష్మి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

బావినీళ్లు పోసి రెండు రోజులు నిలవుంచింది. చలికాలం కాబట్టి మూత కింద బల్బు వేలాడదీసి, ల్యాబు నుంచి తెచ్చిన థర్మామీటరు ఇరవై ఆరు డిగ్రీలు చూపించాక చేపను తొట్టిలోకి వదిలింది.

అప్పటికే వాడకట్టంతా కబురు పాకింది. బట్టలు నేసే సాంచెలు ఆపి మరీ వచ్చారు జనం. విజయలక్ష్మి బొచ్చె చేప ముక్క వేసింది. అందరూ ఊపిరి బిగబట్టారు. పిరానా ఒక మూలకు పోయి వణుకుతూ నిలబడింది. మర్నాడూ అంతే. మూడో రోజూ ముట్టలేదు.

"ఇది చస్తదేమో అత్తమ్మా," అంది విజయలక్ష్మి.

అత్త భద్రమ్మకు ఆ చేప ఇంట్లోకి రావడమే ఇష్టం లేదు. అయినా పీట వేసుకుని చాలాసేపు చూసింది.

"నెత్తి మీద దీపం. నాలుగు దిక్కుల మంది. ఎన్కకు పోదామంటే అద్దం. నిన్నట్ల కూసోబెడితే నువ్వు తింటవానే?"

విజయలక్ష్మి దిగ్గున లేచింది. పులి అనుకున్నది పిరికిదని ఎన్ని పుస్తకాలు చదివినా తోచలేదు! మొగిలయ్యను పిలిచి బల్బుకు రేకు గొట్టం తొడిగించింది. వేడి దిగుతుంది, వెలుగు పడదు. భద్రమ్మ తన పాత నల్ల చీరను తొట్టి వెనక కట్టింది. వాగులో దొరికిన చింతవేరు మొద్దును పురుగు పోయేలా ఉడికించి లోపల నిలబెట్టారు.

పిరానా వేరు వెనకకు దూరింది. సాయంత్రానికి తల బయటపెట్టింది. విజయలక్ష్మి ముక్క వేసింది. ఒక్క మెరుపు! ముక్క సగమై కిందికి జారింది.

"తిన్నది!" మొగిలయ్య గట్టిగా అరిచాడు. గుమ్మంలో ఉన్నవాళ్లంతా లోపలికి తోసుకొచ్చారు. చేప చటుక్కున మళ్లీ దాక్కుంది.

భద్రమ్మ తొట్టికి అడ్డంగా చేతులు చాపింది.

"మెల్లగ, జర మెల్లగ! బెదురుతది. ఒక్కొక్కలే రాండ్రి, సప్పుడు చెయ్యకుండ చూసి పోండ్రి!"