ముద్ర లేని నోటీసు

ఐడా ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి ఒక రోజు కూడా కాలేదు, టౌన్ హాలు కిటకిటలాడిపోతోంది.

కుళాయి నీళ్ళు మరిగించి తాగమని మంగళవారమే ఊరి వెబ్‌సైట్‌లో నోటీసు పెట్టారు. ఐడాకి చూపు లేదు. తెరమీది అక్షరాలను ఆమె కంప్యూటరే చదివి వినిపిస్తుంది. ఆ రోజు మాత్రం ‘బొమ్మ’ అని ఒక్క మాట పలికి ఊరుకుంది. ఐడా రెండు గ్లాసుల కుళాయి నీళ్ళు అలాగే తాగేసింది.

"మొదట అక్షరాల్లోనే ఉందట, గంటలో అది తీసేసి బొమ్మ పెట్టారట. ఎవరు తీశారు?" కౌన్సిల్ సభ్యుడు రాయ్ బల్ల గుద్దాడు.

మేయర్ వెండెల్ చిన్నగా నవ్వాడు. "వెబ్‌సైటంతా మా క్లర్కు ఆర్లిస్‌దే. పాపం, ఇంటి పనీ ఆఫీసు పనీ... ఏదో నొక్కేసుంటుంది. పోనీలెండి."

మీటింగు వివరాలు రాస్తున్న ఆర్లిస్ కలం ఆగింది. పదకొండేళ్ళుగా అందరి మాటలూ రాసింది, తన మాట ఒక్కటీ లేదు. ఐడాలాంటి వాళ్ళకి వినిపించేలా పేజీలు తయారుచేయడం రెండేళ్ళపాటు వంటింట్లోనే నేర్చుకుంది, ఓవెన్‌లో రాత్రి భోజనానికి హాట్‌డిష్ ఉడికేలోపు. "ఆ కంప్యూటరు డబ్బాతో కాపురమా, మా వాడితోనా?" అనేది అత్తగారు. "ఊరికి ఊడిగం చేస్తే పతకమిస్తారటే?" అనేవాడు భర్త డ్వేన్. ఈ పొద్దున అతనే టోస్టుకి వెన్న రాసుకుంటూ సలహా ఇచ్చాడు: "తప్పయిందని ఒక్క ముక్క అనేయ్. ఉద్యోగం నిలుస్తుంది." నిజమే, నిలుస్తుంది. రేపు మంచు తుఫాను హెచ్చరిక కూడా బొమ్మగానే వస్తుంది.

ముందు వరసలోంచి ఐడా గొంతు వినిపించింది. "ఆర్లిస్, ఇందాక ఇంట్లో ఆ నోటీసు నా కంప్యూటరు గడగడా చదివేసిందమ్మా. నువ్వేనా?"

"నేనే. మళ్ళీ అక్షరాల్లో పెట్టాను, ఎవర్నీ అడగలేదు. ఇకముందూ అడగను."

హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు.

"మరి మంగళవారం?" అడిగింది ఐడా.

ఆర్లిస్ లేచి నిలబడింది. "తీసిన చెయ్యి నాదే, ఐడా. చెప్పిన మాట విన్నాను, అది నా తప్పే. కానీ సంతకం, ముద్ర లేకపోతే నోటీసే కాదన్నారు. ముద్ర వేసిన కాగితాన్ని ఫోటో తీసి పెట్టమన్నారు. బొమ్మయితే ఐడాకి వినిపించదు కదా అని నేనంటే, ఎవరో ఒకరు చెప్తార్లే అని ఫోన్ పెట్టేశారు."

"ఎవరు?" అన్నాడు రాయ్.

ఆమె చెయ్యెత్తి చూపించింది.

"మేయర్ వెండెల్."